పక్కమనిషి లేని పుస్తకాలు

1936లో కొన్ని నెలల తేడాతో రెండు పుస్తకాలు వెలువడ్డాయి. బొంబాయిలో అంబేద్కర్ ‘కుల నిర్మూలన’, న్యూయార్క్‌లో డేల్ కార్నెగీ ‘హౌ టు విన్ ఫ్రెండ్స్ అండ్ ఇన్‌ఫ్లుయెన్స్ పీపుల్’. ఒకటి రాజకీయం, మరొకటి వ్యక్తిత్వ వికాసం. ఏ గ్రంథాలయంలోనూ ఈ రెంటినీ ఒకే బీరువాలో పెట్టరు. ఈమధ్య తిరుపతి నుంచి చిత్తూరు వెళ్ళే బస్సులో నేను వాటిని ఒకదాని వెంట ఒకటి చదివాను. ఇప్పుడు వాటిని విడదీసి ఆలోచించడం నాకు సాధ్యం కావడం లేదు.

కార్నెగీ మొదటి సూత్రం ఇది: ఎవరినీ విమర్శించవద్దు, నిందించవద్దు, ఫిర్యాదు చేయవద్దు. కొంత ముందుకు వెళ్ళాక, వాదనలో గెలవాలంటే వాదనకు దిగకపోవడమే మార్గం అంటారు. అమెరికా అంతర్యుద్ధంలో గెటిస్‌బర్గ్ పోరు తర్వాత తన సేనాని జనరల్ మీడ్‌ను తప్పుపడుతూ లింకన్ ఒక ఉత్తరం రాసి, దాన్ని పంపకుండా ఉంచేసిన సంగతిని ఎంతో ఇష్టంగా చెబుతారు. పంపి ఉంటే మీడ్ మనసు విరిగేది, ప్రయోజనం శూన్యం అని ఆయన వివరణ.

అంబేద్కర్‌కు 1935 డిసెంబరులో లాహోర్ నుంచి పిలుపు వచ్చింది. జాత్‌పాత్ తోడక్ మండల్ అనే సంస్కర్తల సంఘం తమ వార్షిక సభకు అధ్యక్షత వహించమని కోరింది. ఉపన్యాసం ముందుగా చదివిన నిర్వాహకులు కొన్ని భాగాలు తీసేయమన్నారు. ఒక్క కామా కూడా మార్చనని ఆయన ఉత్తరం రాశారు. ఈ ఉత్తరం పెట్టెలో ఉండిపోలేదు. లాహోర్ చేరింది, సభ రద్దయింది. ఇచ్చే అవకాశం లేకుండా పోయిన ఆ ఉపన్యాసాన్ని అంబేద్కర్ సొంత ఖర్చుతో 1,500 ప్రతులు అచ్చువేయించారు. అవి రెండు నెలల్లో అయిపోయాయి. నిర్వాహకులతో జరిగిన ఉత్తరప్రత్యుత్తరాలను కూడా పుస్తకం ముందు పెట్టారు. గాంధీ ‘హరిజన్’లో ఆ పుస్తకాన్ని విమర్శించారు. పుస్తకం వెల ఎనిమిది అణాలు ఎక్కువని, రెండు అణాలో కనీసం నాలుగు అణాలో చేయమని కూడా సూచించారు. 1937 నాటి రెండో ముద్రణలో అంబేద్కర్ ఆ విమర్శనూ, దానికి తన జవాబునూ కలిపి ముద్రించారు. తనను ఖండించిన మాటలను తన పుస్తకంలోనే పాఠకుడి చేతికిచ్చి, ఇక నువ్వే తేల్చుకో అన్నారు.

కార్నెగీ సలహా పాటించి ఉంటే ఏమయ్యేది? నాలుగు పేరాలు తీసేస్తే లాహోర్‌లో దండలు పడేవి, చప్పట్లు మోగేవి, స్నేహితులు పెరిగేవారు. కుల నిర్మూలన గురించి ఆ సంఘం అంతకుముందు ఏమి అనుకునేదో తర్వాత కూడా అదే అనుకునేది. మనకు ఆ పుస్తకం ఉండేది కాదు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. అంబేద్కర్ ఉత్తరాల్లో ఎక్కడా దురుసుతనం లేదు. ఎంతో మర్యాదగా ఉంటాయి. మర్యాద నేర్చుకోవడానికి కార్నెగీ పనికివస్తారు, ఆ మాట నేను మనస్ఫూర్తిగానే అంటున్నాను. చిత్తూరు దగ్గర ఒక గ్రామీణ శాఖలో బ్యాంకు ఉద్యోగం చేస్తున్నాను. కౌంటర్ దగ్గరికి వచ్చిన మనిషిని పేరు పెట్టి పలకరించడం, ఆయన చెప్పేది చివరిదాకా వినడం ఎంత విలువైనవో నాకు తెలుసు. నా అభ్యంతరం వేరే చోట ఉంది. ఫిర్యాదు చేయవద్దు అనే సలహా, ఫిర్యాదు చేయవలసిన అవసరం లేని మనిషికి ఒక రకంగా అందుతుంది, ఆ అవసరం ఉన్న మనిషికి మరో రకంగా అందుతుంది. మొదటివాడికి అది సభ్యత నేర్పుతుంది. రెండోవాడి నోరు మూయిస్తుంది.

ఈ మాట మా అక్క కొడుకుతో అంటే ఒప్పుకోలేదు. అతను తిరుపతిలో బాలాజీ కాలనీ వైపు ఒక హాస్టల్లో ఉండి గ్రూప్స్‌కు చదువుతున్నాడు. ఆదివారం మా ఇంటికి భోజనానికి వస్తాడు. అతని గదిలో సిలబస్ పుస్తకాల పక్కన ‘విజయానికి ఐదు మెట్లు’ ఉంటుంది, ‘అటామిక్ హ్యాబిట్స్’ ఉంటుంది, ఇంకా చాలా ఉంటాయి.

“మామయ్యా, మీకు ఉద్యోగం ఉంది కాబట్టి ఆ పుస్తకాలు అక్కర్లేదు. పొద్దున ఎన్నింటికి లేవాలో, ఇంటర్వ్యూలో చేతులు ఎక్కడ పెట్టుకోవాలో మా ఇంట్లో నాకు చెప్పేవాళ్ళు ఎవరున్నారు? నాన్నకు తోట తెలుసు, అమ్మకు ఆవులు తెలుసు. ఇవి ఆ పుస్తకాలే చెప్పాయి” అన్నాడు.

ఈ జవాబును తేలిగ్గా తీసుకునే రాజకీయ పుస్తకం ఏదైనా సరే, అది నాకు అక్కర్లేదు. చదువుకున్న ఇళ్ళలో పిల్లలకు భోజనాల దగ్గరే వచ్చేస్తాయి కొన్ని విషయాలు. దరఖాస్తు ఎలా నింపాలి, పెద్ద అధికారితో ఎలా మాట్లాడాలి, ఒకసారి తప్పితే మళ్ళీ ఎలా కూర్చోవాలి అన్నవి. ఆ ఇళ్ళలో వాటిని ఎవరూ వ్యక్తిత్వ వికాసం అనరు. మొదటి తరం చదువరికి మాత్రం అవి డబ్బు పెట్టి కొనుక్కోవలసినవి. ఆఫీసులో పనిచేసే చిన్నాన్న లేని కుర్రాడికి ఆ పుస్తకమే చిన్నాన్న. యండమూరి పుస్తకం తెలుగు పల్లెల్లో చేతులు మారుతూ, అట్టలు ఊడిపోయేదాకా తిరిగిందంటే కారణం ఇదేనని నా నమ్మకం. దాన్ని చూసి నవ్వే హక్కు, ఇంట్లో ఆ మాటలు ఉచితంగా విన్నవాళ్ళకు లేదు.

అయితే ఆ చిన్నాన్న ఒక్క మాట దాచిపెడతాడు. ‘అటామిక్ హ్యాబిట్స్’లో జేమ్స్ క్లియర్ ఒక లెక్క చెబుతారు. రోజుకు ఒక్క శాతం మెరుగైతే ఏడాది తిరిగేసరికి 37 రెట్లు మెరుగవుతావని. చక్రవడ్డీ లెక్కగా అది సరైనదే, నేను బ్యాంకు మనిషిని, ఒప్పుకుంటాను. కానీ చక్రవడ్డీ పెరగాలంటే అసలు కదలకుండా ఉండాలి. మధ్యలో తీసేస్తే లెక్క మళ్ళీ మొదటికి వస్తుంది. తండ్రికి జబ్బు చేసినా, తోటలో కాయ అమ్ముడుపోకపోయినా, చెల్లెలి ఫీజు గడువు మించినా కదలని అసలు ఎవరి దగ్గర ఉంటుంది? ఆ పుస్తకంలో పరిసరాలను మార్చుకోమనే అధ్యాయం చాలా బాగుంటుంది. ఫోను పక్క గదిలో పెట్టు, చదివే పుస్తకం కళ్ళ ముందు పెట్టు అంటారు. నలుగురు పడుకునే హాస్టల్ గదిలో పక్క గది అంటే మరో నలుగురిది.

ఆ విషయంలో నాకు దారి చూపించిన పుస్తకం ‘స్కేర్‌సిటీ’. సెంధిల్ ముల్లైనాథన్, ఎల్డార్ షఫీర్ రాసినది, 2013లో వచ్చింది. అందులో ఒక అధ్యయనం మన పొరుగునే జరిగింది, తమిళనాడులోని విల్లుపురం, తిరువణ్ణామలై జిల్లాల చెరకు రైతుల మీద. చెరకు రైతుకు డబ్బు ఏడాదికి ఒకసారి, కోత తర్వాత వస్తుంది. కోతకు ముందు చేయి ఖాళీగా ఉంటుంది, నగలు కుదువలో ఉంటాయి. ఒకే రైతుకు కోతకు ముందూ, కోత తర్వాతా తర్కానికీ ఏకాగ్రతకూ సంబంధించిన పరీక్షలు పెట్టారు. కోత తర్వాత అదే మనిషి స్పష్టంగా మెరుగ్గా చేశాడు. మిల్లు ఒక్కో రైతుకు ఒక్కో సమయంలో కోతకు తేదీ ఇస్తుంది కాబట్టి, ఇది ఎండల వల్లనో పండగల వల్లనో వచ్చిన తేడా అనడానికి వీల్లేదు. ఆ పుస్తకంలోని కొన్ని ప్రయోగాలను తర్వాత వేరేవాళ్ళు మళ్ళీ చేసినప్పుడు అన్నీ అంతే బలంగా నిలబడలేదు. ఆ సంగతి తెలిసే చెబుతున్నాను. అయినా చెరకు రైతు అధ్యయనం చదువుతుంటే మా శాఖకు వచ్చే మనుషులు కళ్ళ ముందు కదిలారు. మిల్లు తేదీ కోసం ఎదురుచూసే నెలల్లో ఫారం తప్పు నింపి, సంతకం తప్పు చోట పెట్టి, అడిగిందే మళ్ళీ అడిగే మనిషి, డబ్బు పడ్డాక వచ్చి వడ్డీ లెక్క నోటితో చెప్పేస్తాడు. చిత్తూరు జిల్లాలో సహకార చక్కెర ఫ్యాక్టరీలు మూతపడ్డాక, చాలామందికి ఆ తేదీ కూడా లేకుండా పోయింది. బెల్లం గానుగా, దళారీ మిగిలారు.

2025 మామిడి సీజన్‌లో మా బావ ట్రాక్టర్ నిండా తోతాపురి వేసుకుని గుజ్జు ఫ్యాక్టరీ బయట వరుసలో రాత్రులు గడిపాడు. కిలోకు 12 రూపాయలు దక్కాలి, అందులో 8 పరిశ్రమ ఇవ్వాలి, 4 ప్రభుత్వం ఇస్తుంది అని ప్రకటన వచ్చింది. టోకెన్ దొరకాలి, లోపలికి వెళ్ళాలి, కాయ అప్పటికి మగ్గిపోకుండా ఉండాలి. దళారులు కాయ కొనే ర్యాంపుల దగ్గర అడిగే ధర మరీ అన్యాయం. బావకు ఉన్న అలవాట్లకు ఒక్క శాతం కలపడానికి నాకేమీ కనిపించదు. తెల్లవారక ముందే లేస్తాడు, తాగడు, అప్పు తప్పడు, చెట్టుచెట్టుకూ చరిత్ర చెబుతాడు. అయినా ఆ ఏడాది నష్టపోయాడు. గుజ్జు ఎగుమతి, నిల్వలు, పక్క రాష్ట్రం కాయ, పరిశ్రమల బేరం అన్నీ ఆయన క్రమశిక్షణకు అవతల ఉన్నాయి. కొడుకు మాత్రం హాస్టల్లో, ఫలితానికి నువ్వే బాధ్యుడివి అనే అధ్యాయం చదువుతున్నాడు. ఆ మాట తండ్రికి కూడా వర్తిస్తుందని అతను ఎప్పుడైనా అనుకుంటాడేమోనని నాకు భయం వేసింది.

ఆ భయానికి పేరు పెట్టిన పుస్తకం మైకేల్ శాండెల్ రాసిన ‘ది టిరనీ ఆఫ్ మెరిట్’. గెలిచినవాడు అంతా తన గొప్పే అనుకుంటాడు, ఓడినవాడు అంతా తన లోపమే అనుకుంటాడు, ఈ రెండూ కలిసి సమాజాన్ని చీలుస్తాయి అన్నది ఆయన వాదన. అది చదివాక లీలామహల్ కూడలిలో ర్యాంకుల ఫ్లెక్సీలను వేరే కళ్ళతో చూస్తున్నాను. నవ్వుతున్న ముఖాల పక్కన అంకెలు ఉంటాయి. ఎంతమంది రాస్తే ఎంతమందికి వచ్చిందో ఏ ఫ్లెక్సీ చెప్పదు.

ఇంతవరకూ వచ్చి, రాజకీయ పుస్తకాలదే పైచేయి అని ముగించవచ్చు. నాకు అలా అనిపించడం లేదు. శాండెల్ పుస్తకం మూసేశాక రేపు పొద్దున ఎవరి దగ్గరికి వెళ్ళాలో నాకు తెలియలేదు. ఈ కోవ పుస్తకాలు చాలా చదివాను. బాధ పెరుగుతుంది, అవగాహన పెరుగుతుంది, వార్తలు చూసి పళ్ళు కొరకడం పెరుగుతుంది. వాటిలో జనం ఉంటారు, శాతాలుగా, వర్గాలుగా ఉంటారు. పక్కింటివాడు ఉండడు. వ్యక్తిత్వ వికాసంలో పక్కింటివాడు ఉంటాడు కానీ ఆకట్టుకోవలసిన మనిషిగానో, దాటిపోవలసిన పోటీదారుగానో ఉంటాడు. కలిసి కూర్చుని ఒక పని తలపెట్టవలసిన మనిషిగా రెండు చోట్లా కనిపించడు. ఈ రెండు రకాల పుస్తకాల మీదా నా అసలు ఫిర్యాదు ఇదే.

ఎప్పుడూ ఇలాగే లేదు. వ్యక్తిత్వ వికాస పుస్తకాలన్నింటికీ ఇంగ్లీషులో పేరు పెట్టిన పుస్తకం శామ్యూల్ స్మైల్స్ రాసిన ‘సెల్ఫ్ హెల్ప్’, 1859 నాటిది. అందులో కష్టపడి పైకొచ్చిన ఒంటరి మనుషుల కథలే నిండి ఉంటాయని విని ఉన్నాను. అవి ఉన్నాయి. కానీ ముందుమాటలో ఆ పుస్తకం పుట్టిన తీరు చెబుతారు. ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో కొందరు పేద కుర్రాళ్ళు చలికాలం సాయంత్రాలు ఒకచోట చేరి, తెలిసినది ఒకరికొకరు నేర్పుకోవడం మొదలుపెట్టారు. వచ్చేవాళ్ళు పెరిగి ఇల్లు చాలలేదు, ఎండాకాలం తోటలో కూర్చున్నారు, మళ్ళీ చలి వచ్చేసరికి ఒక గది అద్దెకు తీసుకున్నారు. అంతకుముందు కలరా రోగులను ఉంచిన గది కాబట్టి దాన్ని ఇంకెవరూ తీసుకోలేదు. ఆ గదిలో మాట్లాడమని వాళ్ళు స్మైల్స్‌ను పిలిచారు. ఆ ఉపన్యాసాలే పెరిగి పుస్తకం అయ్యాయి. కలరా గదిలో కూర్చున్న ఆ గుంపు లేకపోతే పుస్తకమే లేదు. తర్వాత వచ్చినవాళ్ళు కథలను ఉంచుకుని గదిని వదిలేశారు.

మన దగ్గర ఇంతకంటే బలమైన ఉదాహరణ ఉంది, పైగా అది కూడా ఒక పుస్తకం కథే. 1991లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం మొదలైంది. (2022లో జిల్లాలు మారినప్పుడు ఆ జిల్లాలోని సూళ్ళూరుపేట, వెంకటగిరి ప్రాంతాలు తిరుపతి జిల్లాలో కలిశాయి, కాబట్టి ఇది ఇంటి కథే.) పగలు కూలికి పోయి వచ్చిన ఆడవాళ్ళు రాత్రి పలకలు పట్టుకుని కూర్చున్నారు. వాళ్ళ వాచకంలో ‘సీతమ్మ కథ’ అని ఒక పాఠం, సారా వల్ల చితికిన సంసారం గురించి. అక్షరాలు కూడబలుక్కుంటూ ఆ పాఠం చదివినవాళ్ళు, ఇది మన కథే కదా అనుకున్నారు. దూబగుంట ఆడవాళ్ళు కలిసి తమ ఊళ్ళో సారా కొట్టు మూయించారు. ఆ తర్వాత వచ్చిన వాచకంలో వాళ్ళ పోరాటమే పాఠమైంది, అది చదివి వేరే ఊళ్ళు కదిలాయి. వేలంపాటలు జరగనివ్వలేదు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో దాన్ని సడలించారు. ఆ సడలింపు మీద నాకున్న కోపం వేరే వ్యాసం.

ఆ వాచకాన్ని ఏ కోవలో చేరుస్తాం? చదవడం రాని మనిషికి చదువు నేర్పింది, సంతకం నేర్పింది, బస్సు బోర్డు చదవడం నేర్పింది. ఇంతకంటే వ్యక్తిత్వ వికాసం ఏముంటుంది? అదే పుస్తకం ప్రభుత్వాల ఎక్సైజు ఆదాయాన్ని కదిలించింది. ఇంతకంటే రాజకీయం ఏముంటుంది? కానీ అదే పాఠాన్ని ఒక్కొక్కరూ ఒంటరిగా తమ ఇంట్లో చదువుకుని ఉంటే, మహా అయితే ఒక్కో ఆడమనిషి భర్తకు నచ్చజెప్పి ఉండేది, లేదా దెబ్బలు తిని ఊరుకునేది. గుండ్రంగా కూర్చుని, బిగ్గరగా చదివి, ఆగి, మాట్లాడుకున్నారు. పని చేసింది అది.

సమూహం అనగానే అంతా మంచే అని కూడా నేను అనను. పొదుపు సంఘాల రుణాలు చూసేవాడిని, ఆ మాట అనలేను. 1992లో నాబార్డు 500 సంఘాలతో ప్రయోగంగా మొదలుపెట్టిన బ్యాంకు అనుసంధానం ఈ రోజు మా శాఖలో పెద్ద భాగం. పదిమంది ఆడవాళ్ళు తీర్మానం పుస్తకం పట్టుకుని వచ్చి, ఎవరికి ఎంత, ఎందుకు అని తామే తేల్చుకున్నది నా ముందు పెడితే, ఆ పుస్తకం మీద నాకు గౌరవం కలుగుతుంది. అదే పదిమందిని సూక్ష్మ రుణ సంస్థలు జామీను గుంపులుగా కూర్చి, ఒకరు కట్టకపోతే మిగిలినవాళ్ళను ఆమె గుమ్మం ముందు కూర్చోబెట్టిన కాలం కూడా చూశాం. 2010 అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తేవలసి వచ్చింది. బయటి నుంచి చూస్తే రెండూ పదిమంది ఆడవాళ్ళ గుంపులే. ఒకచోట తీర్మానం వాళ్ళే రాసుకున్నారు, మరోచోట వేరేవాళ్ళు రాసిన షరతుల కింద వేలిముద్ర వేశారు. ఏ సంఘాన్ని చూసినా నేను ఇప్పుడు మొదట అడిగేది, కాగితం ఎవరు రాశారని.

ఈ వాదనంతా అక్క కొడుకు ముందు పెట్టినప్పుడు అతను ఒక సంగతి చెప్పాడు. హాస్టల్లో వాళ్ళు రాత్రి భోజనాలయ్యాక మిద్దె మీద చేరుతున్నారట. ఒకరు పాలిటీ, ఒకరు ఎకానమీ, ఒకరు చరిత్ర చదివి వచ్చి మిగిలినవాళ్ళకు చెబుతారు. “పోటీదారులే కదా, ఎందుకు చెబుతున్నారు?” అని అడిగాను. “చెబితేనే నాకు గుర్తుంటోంది మామయ్యా” అన్నాడు. లీడ్స్ కలరా గది గురించి అప్పుడు చెప్పాను. కుల నిర్మూలన ఇచ్చి, లాహోర్ ఉత్తరాల నుంచి మొదలుపెట్టి అందరూ కలిసి చదవమన్నాను. చదివారు, గట్టిగా వాదించుకున్నారు కూడా. పని విభజన మాత్రమే కాదు, పనిచేసేవాళ్ళ విభజన కూడా అని అంబేద్కర్ కులం గురించి అన్న దగ్గర ఇద్దరు కుర్రాళ్ళు లేచి వెళ్ళిపోయారట. వారం తర్వాత ఒకతను తిరిగి వచ్చాడు, రెండోవాడు రాలేదు.

ఇప్పుడు వాళ్ళ ముందున్న విషయం గ్రంథాలయం. చదువుకునే హాలులో కుర్చీలు చాలవు, సాయంత్రం తొందరగా మూసేస్తారు. రాత్రి పదిదాకా తెరిచి ఉంచాలని అర్జీ రాశారు. సంతకాల కోసం అమ్మాయిల హాస్టళ్ళకు వెళ్తే, అక్కడివాళ్ళు చదివి సంతకం పెట్టలేదు. చీకటి పడకముందే గేటు లోపల ఉండాలి, రాత్రి పది మాకెందుకు, పొద్దున ఆరింటికి తెరవమని రాయండి, ఆడవాళ్ళ మరుగుదొడ్డి తాళం తీయించమని రాయండి అన్నారు. అబ్బాయిల్లో కొందరు, ఇన్ని కోరితే ఏదీ రాదు అన్నారు. దాని మీద రెండు రాత్రులు మిద్దె మీద తగవు పడి, చివరకు పాత అర్జీ చింపేసి కొత్తది రాశారు. మొదటి కోరిక మరుగుదొడ్డి, రెండోది పొద్దున ఆరు గంటలు, మూడోది రాత్రి వేళలు. ఈసారి అర్జీ రాసింది ఒక అమ్మాయి. వచ్చే సోమవారం కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక దగ్గర ఇస్తారు, నన్ను కూడా రమ్మన్నారు, సెలవు పెట్టాను.